చేతుల మీద కూర్చునే అచ్చియ్యమ్మ

పిల్లలు అవస్థ పడుతుంటే తన రెండు చేతుల మీదా తనే కూర్చునే మనిషి చోడవరం మొత్తానికి అచ్చియ్యమ్మ ఒక్కతే. తమ్ముడి కూతురు చిన్నమ్మి జడ చిక్కుపడి ఏడుస్తున్నా సరే, చాప మీద అరచేతులు పరిచి, వాటి మీద బైఠాయించి, "ఊఁ, మళ్ళీ సూడు" అనేది.

తమ్ముడు పెదబాబుకి ఒళ్ళు మంట. ఆయన మామూలు మనిషా? ఊరిబడిలో అన్ని తరగతులూ ఫస్టు. పంచాయతీ మెంబరు. ఆయన బెల్లం దిమ్మ చూసి అనకాపల్లి షావుకార్లు లేచి నిలబడ్డారు. ఒకాయన లేవలేదు గానీ, పాపం ఆయనకి మోకాళ్ళ నొప్పి. అంతటివాడి కూతురు, వేసవి పోగానే విశాఖపట్నం హాస్టల్లో చేరవలసిన పిల్ల, వంకర పాపిడితో తిరగడమా?

"తల్లి నేని గుంట. కాస్త జడేస్తే నీ సేతులు అరిగిపోతాయా అప్పా?"

"నానేసేస్తే అదెప్పుడు నేర్సుకుంటాది?"

"అత్తా, పాపిడి గట్టులా వచ్చింది!"

"పర్నేదు. నిన్న ఏరులా వచ్చింది. ఇయ్యాల గట్టెక్కేవు."

చిన్నమ్మి దువ్వెన విసిరికొట్టింది. అచ్చియ్యమ్మ తిట్టలేదు, దువ్వెన తీసి ఇవ్వనూ లేదు.

"కోపం పోయిందా?"

"ఇంకా కొంచెం ఉంది."

"అయితే ఇంకొంచెం కూకుందాం."

చివరికి పిల్లే లేచి దువ్వెన తెచ్చుకుంది. ఆగలేనిది పెదబాబే.

"సిన్నప్పుడు నాకన్నీ సేసేవు కదా! దీనికేటి?"

అచ్చియ్యమ్మ చేతులు బయటికి తీసింది. చాప గీతలు పడి ఎర్రగా ఉన్నాయి.

"సేసేనురా. ముద్దలు కలిపి మరీ పెట్టేను. హాస్టల్లో అందరూ తిని లేచిపోయినా, ఎవరో కలిపి పెడతారని ఆకు ముందు కూకున్నావు. వారం తిరక్కుండా ఏడ్సుకుంటూ వచ్చేసేవు. మేస్టారు కావాల్సినోడివి. నీ సదువు తినేసింది ఈ సేతులేరా. దాని జడ సూస్తే ఇప్పుడూ దురదెడతాయి. అందుకే కూకుంటాను."

వ్యవసాయం మీద మక్కువతోనే చదువు మానేశానని ఊరంతా చెప్పుకున్న పెదబాబు ఆ పూట ఏ గొప్పా చెప్పలేదు.

చిన్నమ్మి ప్రయాణం నాడు, బస్సు దగ్గర పరుపుచుట్ట తాడు ఊడిపోయింది. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. పిల్ల పెదవి బిగించి మళ్ళీ ముడి మొదలెట్టింది. కండక్టరు తాడు అందుకోబోతే, పెదబాబు వెళ్ళి బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటి బాబూ, టైమైపోనాది!"

"అయితే అవనీ. ఎవరూ సెయ్యెట్టకండి. మా గుంట ముడేస్తంది."