నాకొచ్చిన చేపల వాటా

రిటైరయ్యాక సముద్రం చూద్దామని అనంతపురం నుంచి ఒంటరిగా భావనపాడు వెళ్లాను. పొద్దున్నే ఒడ్డున ఇరవైమంది దాకా వల తాడు లాగుతున్నారు. చేతులు కట్టుకుని చూస్తుంటే, వరసలో చివరనున్న ముసలామె నన్ను కేకేసింది.

"ఏటి బాబూ, అలా సూస్తన్నావు? తాడట్టుకో!"

ఫైలు కంటే బరువైంది ఎన్నడూ ఎత్తనివాణ్ణి, గంటసేపు లాగాను. రెండుసార్లు వెల్లకిలా పడ్డాను. వల ఒడ్డుకొచ్చాక, లాగినవాళ్లందరికీ పెట్టినట్టే నా ముందూ ఒక చేపల కుప్ప పోశారు.

"నేను చేపలు తిననమ్మా," అన్నాను ఆమెతో.

"తినమని ఎవులన్నారు? లాగినోడు వాటా అట్టుకెళ్లాల. ఒగ్గీసి ఎలిపోతే, ఊరికే పని సేయించీసినారని మాకే సెడ్డపేరు."

చేపల్ని తువ్వాల్లో మూటగట్టి, ఎవరికైనా ఇచ్చేద్దామని ఇంటింటికీ తిరిగాను. జాలర్ల ఊళ్లో చేపలు పంచబోయిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. ఒకావిడ జాలిపడి నాకే ఇంకో రెండు వేసింది.

చేసేదిలేక మళ్లీ ముసలామె దగ్గరికే వెళ్లాను. ఆమె మూట లాక్కుని, చేపల్ని ఇసుక మీద ఎండకు పరిచింది.

"ఎండడానికి నాలుగు రోజులు పడతాది. అప్పుడట్టుకెళ్దువు. అందాకా పొద్దున్నే వచ్చి తాడట్టుకో."

"లాగితే మళ్లీ వాటా వస్తుంది కదమ్మా?"

"మరి రాదేటి?"

ఆ సాయంత్రమే రైలు టికెట్టు రద్దు చేసుకున్నాను. ఉద్యోగం వదిలాక మొదటిసారి, తెల్లవారుజామున ఐదింటికి అలారం పెట్టుకుని పడుకున్నాను.