వదిన రహస్యం కూడికలో చెప్పేశాను

మింగలేక కక్కలేక చాలా ఏళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మీరు నాకు ఏమీ కారు. అందుకే మీకు చెబుతున్నాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతికీ వస్తున్న రోజులు. మా వదిన దుప్పట్లు ఉతుకుతూ నన్ను దగ్గరికి పిలిచింది. నాకింకా పెళ్లి కాలేదు. కానీ టీచర్‌ని, ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే.

“మీ అన్నయ్యతో కలిసినప్పుడల్లా రగతం కనిపిత్తంది. ఏటంటావు? ఎవులికీ సెప్పకు,” అంది.

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికేం రోగం? “వేడి చేసుంటుంది వదినా, బెల్లం మానెయ్,” అన్నాను. మా అనకాపల్లిలో తలనొప్పి దగ్గర్నుంచి సంబంధం తప్పిపోవడం దాకా అన్నింటికీ వేడే కారణం. ఆసుపత్రికి వెళ్దాం పద అని ఎందుకు అనలేదు? డాక్టరమ్మ ముందు ఆ మాట పలకాలంటే వదినకంటే నాకే సిగ్గు.

అక్కడితో ఆగినా బాగుండేది. శుక్రవారం చర్చిలో స్త్రీల కూడిక. ప్రార్థన మనవులు చెప్పమన్నారు. నేను లేచి, పేరు చెప్పకుండా, మా ఇంట్లో ఒక సోదరికి భర్తతో కలిసినప్పుడల్లా రక్తం పోతోంది అన్నాను. మా ఇంట్లో ఆడవాళ్లమంటే అమ్మ, నేను, వదిన. అమ్మ విధవరాలు. ఇంకెవరనుకుంటారు? పేరు చెప్పలేదు కదా అని అప్పట్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజంగా ప్రార్థన కోసమే చెప్పానా, అందరి మనవులకంటే నాదే బరువుగా ఉండాలనా? రెండోదే అయ్యుంటుందని తోచినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆదివారం చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దావిడ వదిన చెయ్యి పట్టుకుంది. “ఆగిందా అమ్మా? అందరం నీకోసం ప్రార్తన సేత్తన్నాం.” వదిన ఇంట్లోకి రాగానే అడిగింది.

“నువ్వు సెప్పేవా?”

“నేనెందుకు చెప్తాను? అన్నయ్యే ఎక్కడో నోరు జారేడేమో.”

అన్నయ్యది బెల్లం మార్కెట్లో కాటా పని, నోరు కాస్త ఎక్కువే. వదిన నమ్మేసింది.

ఆ తర్వాత వదిన ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. నేనూ అడగలేదు. తగ్గిపోయిందనుకోవడం నాకు సుఖంగా ఉంది. నెలసరి కానప్పుడు కూడా రక్తం, దుర్వాసన, నడుంనొప్పి మొదలయ్యాక అన్నయ్య బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ మా మీద విసుక్కుంది. విసుక్కోదా మరి? ఇన్ఫెక్షన్ వల్ల రావచ్చు, గర్భసంచి మూతి ఒరుసుకుపోయినా, అక్కడ చిన్న కండ పెరిగినా, లోపల తడి తగ్గినా రావచ్చు, చాలావరకు వైద్యంతో పోయేవే, కానీ పరీక్ష చేయకుండా ఏదని తెలుస్తుంది అంది. మళ్లీ మళ్లీ కనిపిస్తే చూపించుకోవాలట. నొప్పి, దుర్వాసన ఉంటే ఆలస్యం చేయకూడదట. నెలసరి ఆగిపోయినవాళ్లకైతే ఒక్కసారి కనిపించినా రావాలట. ఎక్కువగా పోతుంటే అప్పటికప్పుడే. కాసేపటి పరీక్ష. బెల్లం ఊసే ఎత్తలేదు.

వదినది గర్భసంచి మూతి క్యాన్సర్. ముదిరిపోయింది. ముందే వచ్చుంటే నయమయ్యేదేమో అన్నారు.

మంచం పట్టాక అన్నయ్య నీళ్లు ఇస్తే వదిన మొహం తిప్పుకునేది. నన్ను పిలిచేది. నా చేతి నీళ్లు తాగేది. నేను పట్టేదాన్ని. పోయేదాకా అంతే.

అన్నయ్య ఇప్పటికీ అడుగుతాడు, “మీ వదినకి నా మీద అంత కోపం ఏటే?” అని. జబ్బు మనిషి, ఏదో విసుగు అంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. అన్నయ్యకు చెప్పే ధైర్యం ఈరోజుకీ రాలేదు. అన్నయ్య ఎవరితోనూ అనలేదు, నేనే చెప్పాను. ఇంతకాలానికి ఈ ఒక్క వాక్యం రాయగలిగాను, కాస్త ఊపిరాడుతోంది.