రంగు నిలవని ముక్కు

నిన్న నారాయణగూడలో పెయింట్ల దుకాణం ముందు థిన్నర్ వాసన తగలగానే అశోక్‌నగర్‌లోని మా పాత ఇంటి వరండా గుర్తొచ్చింది. ఒక ఎండాకాలం సెలవుల్లో అక్కడే కూర్చుని నాన్నా నేనూ బొమ్మ విమానం అతికించాం. ప్లాస్టిక్ రెక్కలకు రంగు చక్కగా పట్టింది. రెజిన్ అనే, గట్టిపడే జిగురును అచ్చులో పోసి చేసిన విమానం ముక్కుకు మాత్రం ఎన్నిసార్లు వేసినా పొట్టులా ఊడొచ్చేది.

"రంగు ఎట్ల నిలుస్తదో నీకు తెల్సు నాన్నా, కావాల్నని చెప్తలేవు!" అని ఏడ్చాను. నాకు ఓపిక నేర్పడానికే ఇలా చేస్తున్నాడనుకున్నాను.

"జర ఆగు బిడ్డా, ఇంకోసారి ఏద్దాం," అంటూ నాన్న ముక్కును మళ్లీ గీకాడు. విసుగొచ్చి నేను లేచిపోయాను.

అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసే జిడ్డు రెజిన్‌కు అంటుకుని ఉంటుందనీ, ముందు సబ్బునీళ్లతో కడగాలనీ పెద్దయ్యాక తెలిసింది. నాన్నకూ అప్పుడు తెలియదు. నాకన్నా ఎక్కువే విసిగిపోయి ఉంటాడు. అయినా బ్రష్ మాత్రం నాకంటే ముందు కింద పెట్టలేదు.