అద్దంలో గుడివాడ బస్సు

మా నాన్న బందరులో కలంకారీ బట్టలకు అచ్చులు చెక్కుతారు. టేకు చెక్క మీద కుడివైపు చూసే చిలక బట్ట మీదికి వచ్చేసరికి ఎడమవైపు చూస్తుంది. అందుకని చెక్క మీద ఏ బొమ్మయినా తిరగేసి గీయాలి. ఏడో తరగతి నుంచీ ఆ గీసే పని నాది, చెక్కే పని ఆయనది.

ఇంటరయ్యాక నాకు డిజైన్ కాలేజీ పిచ్చి పట్టింది. ఆ ప్రవేశ పరీక్షలో సీటు రాకపోతే నోరెత్తకుండా ఇంజనీరింగులో చేరతానని అమ్మకు మాటిచ్చాను. లెక్కలకూ నాకూ చిన్నప్పటి నుంచీ పడదు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చుంటే నాన్న అడిగారు, ఇంతకీ అందులో ఏం చూస్తారని. పరిశీలన, ఊహ, జ్ఞాపకం అని చెప్పాను.

"ఇంకేం, అవన్నీ నీకున్నాయిగా. లేనిదల్లా ఓపికేనమ్మా" అన్నారు. కోపం వచ్చింది గానీ, అది నిజమే.

విజయవాడలో పరీక్ష. ఆఖరి ప్రశ్న, మీ ఊరి బస్టాండులో జనం బస్సెక్కడం జ్ఞాపకం మీద గీయమని. అది నాకు కొట్టిన పిండి. గుడివాడ బస్సు, పూలబుట్ట చంకన పెట్టుకున్నావిడ, సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు విసిరే పెద్దాయన, అందరూ వచ్చేశారు. బస్సు మీది ఊరి పేరు బోర్డు ఒక్కటి ఖాళీగా ఉంచి, కాగితం దూరంగా పెట్టి చూసుకున్నాను.

బస్సుకు ఎడమవైపు ఉండాల్సిన తలుపు కుడివైపు ఉంది. ఆడవాళ్లందరికీ పైటలు కుడి భుజం మీదున్నాయి. అచ్చు కోసం గీసినట్టే బస్టాండు మొత్తం తిరగేసి గీశాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది నాన్న పక్కన కూర్చుంటే వచ్చింది. ఏడుపొక్కటే తక్కువ. మిగిలింది పదిహేను నిమిషాలు.

అప్పుడు గుర్తొచ్చింది, బస్టాండు ఎదురుగా ఉండే మంగలి షాపు. అందులో గోడంత అద్దం. బొమ్మ చుట్టూ గబగబా అద్దం ఫ్రేము గీశాను. కింద దువ్వెన, పౌడరు డబ్బా, గడ్డం గీయించుకుంటున్నాయన తల వెనక భాగం. బోర్డు మీద 'గుడివాడ' అని తిరగేసి రాశాను. ఆ పరీక్షలో నేను అవలీలగా చేసింది అదొక్కటే.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ముగ్గురు కూర్చున్నారు. వాళ్లలో తెలుగావిడ నా బొమ్మ చూపించి, ఈ అద్దం ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. మంచి అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసి, "పొరపాటు చేశానండీ" అని ఉన్నదంతా చెప్పేశాను. నవ్వారు. ఒక కాగితం ఇచ్చి, మీ నాన్నగారు అచ్చు చెక్కుతున్నట్టు గీయమన్నారు.

గీసి ఇచ్చాను. ఆవిడ చూసి, "మళ్లీ తిరగేశావు కదమ్మా. సుత్తి ఎడంచేతిలో ఉంది" అన్నారు.

"లేదండీ, మా నాన్నది ఎడంచేతి వాటమండీ."

సీటొచ్చింది. ఈ ముచ్చటంతా చెప్తే నాన్న సీటు సంగతి వదిలేసి, "ఆ బొమ్మ నీకిచ్చారా?" అని అడిగారు.

"ఇవ్వరు నాన్నా. వాళ్లే ఉంచుకుంటారు."

"పోనీలే, ఉండనీ" అని ఉలి చేతిలోకి తీసుకున్నారు. తర్వాత అన్నారు, "ఇన్నేళ్లుగా బొమ్మలతోనే ఉన్నాను గానీ, నా బొమ్మ ఎవరూ గీయలేదమ్మా."