టచ్‌ప్యాడ్ మీద కుంకుమ బొట్టు

ఈ దసరాకు ల్యాప్‌టాప్ అంచున తడి పసుపు అద్దుతుంటే, ఆ వాసనకు గద్వాలలోని సుభద్రక్క గది కళ్ళముందుకొచ్చింది. రెండువేల ఆరు ప్రాంతంలో, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నన్ను ఆమె పనిలో పెట్టుకుంది. చీరల అంచులకు కాగితం మీదా కంప్యూటర్ మీదా డిజైన్లు గీసి మగ్గాలవాళ్ళకు ఇచ్చేది. భర్త లేడు, పిల్లలు లేరు, ఆ గీతలే ఆమె సంసారం. కొత్తకోట దగ్గర బస్సు బోల్తాపడి కుడిచేతి పట్టు పోయాక చేతిలో పెన్సిలూ నిలవలేదు, మౌసూ నిలవలేదు. ఎడమచేత్తో ప్రయత్నించి, "ఇది నా గీత కాదు" అని మూల కూర్చుంది.

పాత ల్యాప్‌టాప్ ఒకటి దొరికితే తెచ్చి, కీల కింద నున్నగా ఉన్న టచ్‌ప్యాడ్ చూపించాను. "పట్టుకునేదేం లేదక్కా, వేలితో ముట్టుకుంటె సాలు." వంకరపోయిన చూపుడువేలు భయంభయంగా ఆనించింది. తెర మీద బాణం కదిలింది. సాయంత్రానికల్లా నెమలి మెడ తయారైంది. ఆ రోజు నుంచి నన్ను తొందరగా ఇంటికి పోనిచ్చేది కాదు. "జర కూసో పిల్లా. నువ్వు పోతె ఈ ఇంట్ల నేను ముట్టుకుంటె కదిలేది ఇదొక్కటే" అనేది. నేను నవ్వేసి మా ఊరు పెబ్బేరు బస్సెక్కేదాన్ని.

దసరాకు రెండురోజులు ఊళ్ళోనే ఉండిపోయి వచ్చేసరికి ఆమె పొయ్యి కూడా వెలిగించలేదు. ల్యాప్‌టాప్ ముందు ముడుచుకుని కూర్చుంది.

"ఏమైందక్కా?"

"నా వేలు గూడ సచ్చిందే. ఎంత రాసినా ఇంటలేదు."

చూద్దును కదా, టచ్‌ప్యాడ్ నిండా పసుపు గట్టిగా ఎండిపోయి, నడుమ రూపాయంత కుంకుమ బొట్టు.

"దీనికెందుకు పెట్టినవక్కా?"

"పండుగనాడు పనిముట్లన్నిటికీ పెడ్తం గద. నాకు అన్నం పెట్టేదాన్ని ఎట్ల ఇడిసిపెడ్త?"

తడిగుడ్డతో తుడిచి, ఆరాక ఆమె వేలు పట్టి దానిమీద పెట్టాను. బాణం కదిలింది. ఆమె తెర వైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకోవాలని చూసింది, పట్టు చిక్కలేదు. నేనే పట్టుకున్నాను. పండుగ పూట ఒక్కతే కూర్చుని తన వేలు చచ్చిందనుకుందామె. ఆ సాయంత్రం బస్సు వదిలేసి అక్కడే వండాను.

సుభద్రక్క పోయి చాలా ఏళ్ళయింది. నాదీ ఇప్పుడు ఒంటి గదే. ఏటా బొట్టు టచ్‌ప్యాడ్‌కు తగలకుండా అంచున పెట్టి, ఒకసారి వేలితో ముట్టి చూస్తాను. బాణం కదులుతుంది. కదిలిందక్కా అని చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. అయినా చెబుతాను.