బల్ల గ్లాసులు కడిగిన పెద్దమ్మ

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. మన దేహాలను మట్టితో చేసి, ఆ మట్టికి ఋతువులు పెట్టి, ఏ ఋతువు ఎప్పుడు ముగియాలో తానే నిర్ణయించినవానికి మహిమ. ఆయన చేసినదానిలో మైల ఏదీ లేదని నేను డెబ్బై దాటాక గాని నమ్మలేకపోయాను. ఆలస్యంగానైనా నమ్మనిచ్చినందుకు మరొక స్తోత్రం.

మొన్న మా కోడలు నేల తుడిచే మందు సీసా పక్కన పెట్టుకుని ఫోనులో ఏదో చదివి వినిపించింది. ఇలాంటి ఘాటు మందుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసే ఆడవాళ్లకు ముట్లుడిగే వయసులో ఒంట్లో తేడాలు వస్తాయా అని ఎవరో అడిగారట. జవాబు నాకు తెలియదు. ప్రశ్న మాత్రం కొత్త కాదు. పందొమ్మిది వందల అరవైల్లో మా పెద్దమ్మ దవాఖానలో డాక్టరమ్మను అదే అడిగింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెదనాన్న పోయాక మా ఇంట్లోనే ఉండేది. వారమంతా అబిడ్స్‌లో ఒక బడిలో ఆయా పని, శనివారం నాంపల్లిలో మా చర్చి కడిగే పని. మరుగుదొడ్లకు యాసిడ్, నేలకు సుల్తాన్ బజార్‌లో కొన్న నల్ల ఫినాయిల్. పావురాలు దూరతాయని కిటికీలు మూసే ఉంచేవాళ్లు, ఆ ఆవిరికి, ఆమెకు తోడు వెళ్లే నా కళ్ల వెంట నీళ్లు కారేవి. బకెట్లో ఫినాయిల్ పాలలా మారడం చూపించి ఆమె నవ్వేది. "చూసినవా బిడ్డా, ఎంత నల్లటిదైనా నీళ్లల పడంగనే తెల్లగైతది. మనమే గట్లా కాము." అంతా అయ్యాక మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, ప్రభువు బల్ల గ్లాసులు, అంటే ఆరాధనలో సంస్కారపు ద్రాక్షరసం పంచే గ్లాసులు, ముందు పెట్టుకునేది. బొటనవేలంత గ్లాసులు. పదకొండేళ్లుగా ఆమె చేతి మీదే నడిచిన, జీతం లేని పని. లోకంలో ఆమెకు దక్కిన గౌరవమంతా ఆ పళ్లెంలోనే ఉండేది.

మా సంఘంలో ఒక కట్టడి ఉండేది. ముట్టు రోజుల్లో ఏ స్త్రీ బల్ల సామాను తాకరాదు. అందుకని మా పాస్టరు అయ్యగారి గది తలుపు వెనక ఒక క్యాలెండరు వేలాడదీసి, బల్ల పని చేసే ఆడవాళ్లు తమ రోజులకు పెన్సిలుతో చుక్కలు పెట్టేవారు. ఆ చుక్కలు కంటపడకుండా అయ్యగారు ఆ తలుపును ఎప్పుడూ గోడకు ఆనించి తెరిచే ఉంచేవారు. ఎంత ఎండాకాలమైనా, ఎంత చలికాలమైనా అంతే.

నలభై ఏడో ఏట పెద్దమ్మ చుక్కలు దారి తప్పాయి. ఒక నెల అసలు ఉండవు, మరో నెల పదిహేను. ఊడుస్తూ ఊడుస్తూ చల్లటి రాతిగోడకు వీపు ఆనించి కూర్చుండిపోయేది. "జర కిటికీ తియ్యి బిడ్డా, లోపల పొయ్యి అంటుకున్నట్టున్నది." స్త్రీల సమాజం పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. ఆమె క్యాలెండరు చూసి అందరి ముందూ అంది: "ఏంది వదినా, ఆకాశంల కూడా ఇన్ని చుక్కలుండయి!" ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

దవాఖానలో డాక్టరమ్మ తల ఎత్తలేదు. "ఉమర్ అయింది, ఈ వయసుల గిట్లనే ఉంటది. ఆగిపోతది, పో." పెద్దమ్మ మెల్లగా అడిగింది. "ఫినాయిల్ వాసనకు గిట్లా అయితున్నదా అమ్మా?" డాక్టరమ్మ నవ్వింది. "ఫినాయిల్‌కు గర్భసంచి ఖరాబైతే మా ఆయాలు ఒక్కరు కూడా పిల్లల్ని కనకపోదురు."

ఆ తర్వాత పెద్దమ్మ చుక్కలు పెట్టడం మానేసింది. రోజులు తెలియనివ్వకుండా బల్ల పని నిలబెట్టుకోవాలని ఆమె ఆశ. నాకు పదమూడేళ్లు, బైబిలు వాక్యం కంఠస్థం చెప్పడంలో మొదటి బహుమతి నాదే. ఒక ఆదివారం టీచరమ్మ నా గడ్డం పట్టుకుంది. "నీకు వాక్యం మస్తు వచ్చు కద బిడ్డా. దేవుని ఇంట్ల అబద్ధమాడొచ్చునా? చెప్పు, మీ పెద్దమ్మ ఈ వారం గుడ్డలు వేరుగ ఉతుక్కున్నదా?"

"ఔ టీచరమ్మా, నిన్న కూడా" అన్నాను. సత్యం చెప్పానని గర్వంగా కూడా ఉండింది.

ఆ పూటే సమాజం కూర్చుంది. "ఊడ్వనీకి రా, దొడ్లు కడగనీకి రా. గ్లాసుల మీద చెయ్యి పెట్టకు" అంది టీచరమ్మ.

"పదకొండేండ్లు కడిగిన వదినా. ఒక్క ఆదివారం ఇయ్యిండ్రి. జర కూడా మైల లేదని మీరే చూస్తరు."

"వాసన చూసి చెప్తం తియ్యి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు. పోనీ ఒక్కసారి అని ఒప్పుకున్నారు. చెప్పింది నేనని పెద్దమ్మకు తెలుసు. మరునాడు పొద్దున నా జడ వేస్తూ, "నిజమే చెప్పినవు, ఫికర్ చేయకు" అంది. అంతకంటే కొట్టి ఉంటే బాగుండేది.

బల్ల ఆదివారం వచ్చింది. ముందు వరసలో మోకరించిన టీచరమ్మ గ్లాసెత్తి గుటక వేసి, వెంటనే చెంగులోకి ఉమ్మింది. "ఏందే ఇది! ద్రాక్షరసంల ఫినాయిల్ కలిపినవా?" కలపలేదు. వాసన చూస్తామన్నారని, పెద్దమ్మ తనకు తెలిసిన అతి పెద్ద శుభ్రంతో, ఆ ఫినాయిల్‌తోనే, ఒక్కొక్క గ్లాసూ కడిగి, మళ్లీ నీళ్లతో కడగకుండా ఆరబెట్టింది. వెనక బెంచీలోంచి పెద్దమ్మ లేచి నిలబడింది. "శుద్ధి చేసిన వదినా. ఇంకెట్లా శుద్ధి చెయ్యాల్నో మీరే చెప్పుండ్రి."

ఎవరికీ ఏమీ కాలేదు. టీచరమ్మకు రెండు రోజులు గొంతు మండింది, అంతే. కమిటీ మాత్రం పెద్దమ్మను ఏడాది పాటు బల్ల నుంచి వెలి వేసింది. ఆమె చర్చి ఊడ్వడం మానలేదు. రక్తం పోవడమూ ఆగలేదు. చివరికి దవాఖానలో చేర్చుకున్నప్పుడు లోపల గడ్డ ఉందన్నారు, ఆలస్యమైందన్నారు.

చివరగా ఒక్కసారి బల్ల ఇవ్వమని మా అమ్మ కమిటీని బతిమాలింది. "ఇంకా మూడు నెలలున్నది. కట్టడి కట్టడే" అన్నారు. అయ్యగారు వట్టి చేతులతో వచ్చారు. "తెచ్చిన్రా అయ్యగారూ?" అని ఆమె అడిగితే, ఆయన గట్టిగా కీర్తన చదవడం మొదలుపెట్టారు. ఆయన వెళ్లాక నన్ను అడిగింది. "ఇంకెన్ని దినాలు బిడ్డా?" లెక్కల్లోనూ నేను దిట్టనే. "తొంభై రెండు" అన్నాను.

ఆమె పదకొండు రోజులు బతికింది.

నాకూ ఆ వయసు వచ్చి వెళ్లింది. ఒంట్లో మంట లేచిన ప్రతిసారీ నేను బల్ల దగ్గరికి వెళ్లాను, ఎవరూ ఏమీ అడగలేదు. చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. ఆమెను తన బల్ల దగ్గర కూర్చోబెట్టమని, సత్యాన్ని రాయిలా విసిరిన ఆ పిల్లను క్షమించమని ప్రభువును అడగండి. మనుషులు ఒకరికొకరు విధించుకునే గడువులు ఎప్పుడూ మనుషుల ఆయుష్షు కంటే పొడుగ్గానే ఉంటాయి. ఆమేన్.