కువైట్ కొలువుకి నేను చేసిన సిఫార్సు

భవానీపురంలో మా పక్క వాటాలో పామర్రు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. ప్రైవేటు స్కూల్లో మాస్టారు. పెళ్ళయిన ఏడాదికే భార్య ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. పాపం, ఇద్దరూ ఫోనులోనే కాపురం చేసేవారు. కూరలో ఉప్పెక్కువైందని దెబ్బలాడుకోవడం కూడా అందులోనే.

ఆమె ఒప్పందం ముగిసే ముందు ఆ అబ్బాయి మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పిన్నీ, అక్కడ మన ఎంబసీలో గుమస్తా పని ఖాళీ ఉందంట. తనొచ్చినా నా జీతంతో ఏం తింటాం? ఆ పనొస్తే ఇద్దరం అక్కడే ఒక గదిలో ఉంటాం. మీ సారుకి ఒక్క మాట చెప్పవా?"

నేను గవర్నర్‌పేటలో ఒక నాయకుడి ఇంట్లో వంట చేసేదాన్ని. ఎంబసీ అంటే ఏమిటో, మూడో తరగతి దాటని నాకేం తెలుసు? ఆ పిల్లాడి బెంగ మాత్రం తెలుసు. మర్నాడు పెసరట్టు వడ్డిస్తూ చెప్పాను.

"చాలా బుద్ధిమంతుడండీ బాబుగారూ. సిగరెట్టు కూడా ముట్టడు."

"అదేనా అక్కా వాడి క్వాలిఫికేషను?" అని నవ్వారాయన. అయినా ఉత్తరం టైపు చేయించి, సంతకం పెట్టి ఇచ్చారు. "అయిపోయిందనుకో" అన్నారు.

పెద్దవాళ్ళు అంత మాటన్నాక మా ఇళ్ళల్లో ఇక అనుమానం ఉండదు. ఆ సాయంత్రమే అతను భార్యకి చెప్పాడు. ఆ పిచ్చితల్లి తిరుగు టిక్కెట్టు వద్దని, ఇంకో రెండేళ్ళు ఉంటానని యజమానురాలికి మాటిచ్చేసింది.

నెలలు గడిచినా కబురు లేదు. ఉండబట్టలేక అడిగాను.

"వాటికి పరీక్షలూ అవీ ఉంటాయక్కా. మన ఉత్తరం అక్కడెవరు చూస్తారు? అడిగినోళ్ళని కాదనలేక ఇస్తాం" అన్నారాయన, చట్నీ ఇంకాస్త వేయమంటూ.

వచ్చి ఆ మాటే చెప్పాను. అబ్బాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. "తనకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దు పిన్నీ. తెలిస్తే ఆ రెండేళ్ళు అక్కడ ఎలా ఉంటది?" అన్నాడంతే.

ఆ శుక్రవారం ఆ పిల్ల ఫోను చేసి, నన్ను కూడా పిలవమంది.

"అత్తయ్యా, చర్చికొచ్చే ఒకావిడ గది ఇస్తానంది. చిన్నదే గానీ కిటికీ ఉంది. ఈయన ఎప్పుడు బయల్దేరతారు?"

అతను గోడవైపు తిరిగిపోయాడు.

"వస్తాడమ్మా" అన్నాను.

"అయితే కందిపొడి కొట్టి పంపండి అత్తయ్యా, కాస్త కారంగా" అంది.